హంద్రీ మీద రెండో వంతెన, పక్కనే మన పార్కు: పనిని ఎవరు చూస్తారు?

హంద్రీగట్టు

కర్నూలు మిత్రులకు నమస్కారం. హంద్రీ మీద ఉన్న రహదారి వంతెనకు జంటగా మరో వంతెన కట్టబోతున్నారని అందరూ విన్నదే. పార్కు ఉత్తరపు గోడ వెంబడి ఎర్ర రంగు పూసిన సర్వే రాళ్లు పాతారు. మూడు గోడకు బయట ఉన్నాయి. నాలుగోది మాత్రం లోపల ఉంది, వేపచెట్ల వరుసకూ పిల్లల ఊయలలకూ మధ్య. ఎవరు పాతారని కాపలాదారుని అడిగితే "సర్వే వాళ్లు" అన్నాడు. ఏ శాఖ సర్వే అన్నది ఆయనకు తెలియదు.

వంతెన వద్దని నేను అనడం లేదు. సాయంత్రం పూట పాత వంతెన దాటిన ఎవరూ అలా అనరు. కానీ పని సగం అయ్యాక గోల పెట్టడం మనకు అలవాటు. ఈసారి మొదలుకాకముందే పౌరుల తరఫున ఒక పర్యవేక్షణ బృందం ఏర్పాటు చేసుకోవచ్చా? అందుకు చట్టంలో చోటుందా? ఉంటే ఏమేమి చూడాలి? తెలిసినవారు రాయండి.

ఉల్లి_లారీ

మార్కెట్ యార్డుకు ఉల్లి తోలే లారీలు మావి. ఆ వంతెన మీద ఒక్క బండి చెడిపోతే వెనక ఎంత దూరం నిలబడతామో పార్కులో నడిచేవారికి కనిపించదు. ఎండకు సరుకు పాడవుతుంది, ఆలస్యమైతే వేలంలో ధర పోతుంది. ఎన్నాళ్లకో వంతెన వస్తుంటే ఒక రాయి లోపల పడిందని కమిటీ వేస్తారా? ముందు కమిటీ, తర్వాత కోర్టు, ఆ తర్వాత స్టే. ఇంతలో కాంట్రాక్టరు మూటాముల్లె సర్దుకుంటాడు. స్తంభాలు లేచి పైన స్లాబు పడని వంతెనలు మీరెక్కడా చూడలేదా?

హంద్రీగట్టు

అన్నా, స్టే మాట నేను ఎత్తలేదు. వేసవిలో మీ డ్రైవర్లు కూడా ఆ వేపచెట్ల కిందే నడుం వాల్చడం రోజూ చూస్తున్నాను.

రిటైర్డ్_ఓవర్సీర్

ఉద్యోగమంతా రోడ్లు, వంతెనల మీదే గడిచింది కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదట ఇది ఎవరి పని అన్నది తేల్చుకోండి. జాతీయ రహదారి అనగానే అందరూ జాతీయ రహదారుల సంస్థకు ఉత్తరం రాస్తారు. చాలాచోట్ల కేంద్రం డబ్బుతో ఆ పని చేయించేది రాష్ట్ర రోడ్లు భవనాల శాఖలోని జాతీయ రహదారుల విభాగం. దాని కింద పర్యవేక్షణకు ఒక కన్సల్టెన్సీ, దాని కింద కాంట్రాక్టరు, ఆయన కింద సబ్ కాంట్రాక్టర్లు ఉంటారు. తప్పు జరిగిన రోజు ప్రతి ఒక్కరూ పక్కవారి వైపు చూపిస్తారు. ఎవరి సంతకం ఎక్కడ ఉండాలో ముందే తెలిసినవారిని మాత్రం అలా తిప్పి పంపలేరు.

రెండోది, నాణ్యత చూస్తామని సుత్తి పట్టుకుని స్తంభాల దగ్గరకు వెళ్లకండి. కొట్టి చూస్తే మీకేమీ తెలియదు, పైగా ఏ చువ్వో తగిలితే కేసు మీ మీదకు వస్తుంది. బయటి మనిషి కంటికి తెలిసేవి వేరే ఉన్నాయి. కాంక్రీటు ప్లాంటు ఊరవతల ఉంటుంది. మిక్సర్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. మన ఎండకు డ్రమ్ములోని సరుకు బిగుసుకోవడం మొదలవుతుంది. సైటుకు వచ్చాక అది జారదు. అప్పుడు మేస్త్రీ నీళ్ల ట్యాంకరు పైపు తెచ్చి డ్రమ్ములో పెడతాడు. రెండు నిమిషాల్లో చక్కగా జారుతుంది, అందరికీ పని సులువు. బలం మాత్రం అక్కడే పోయింది. పరీక్షకు పంపే క్యూబులు (బలం చూడటానికి అచ్చు పోసే కాంక్రీటు దిమ్మలు) నీళ్లు కలపకముందే పట్టి ఉంటే 28వ రోజు నివేదిక బ్రహ్మాండంగా వస్తుంది, వంతెనలో ఉన్నది మాత్రం వేరే కాంక్రీటు. పార్కు గోడ పక్క నుంచి ఫోనులో తీసిన ఒక్క ఫొటో, తేదీ, సమయం, లారీ నంబరుతో సహా ఉంటే, దాన్ని ఆ రోజు పోత రిజిస్టరు పక్కన పెట్టి అడగవచ్చు. అలాగే పోత అయ్యాక నీళ్లు పట్టడం. గోనె పట్టాలు కప్పి, అవి తడిగా ఉన్నాయో లేదో చూడటానికి ఇంజినీరింగ్ చదవాల్సిన పనిలేదు. మధ్యాహ్నం రెండింటికి ఎండిపోయిన గోనెలు కనిపిస్తే ఫొటో తీయండి.

మూడోది పార్కు గురించి. శాశ్వతంగా తీసుకునే స్థలం గురించే మీరంతా కంగారు పడతారు. నా అనుభవంలో ఎక్కువ నష్టం "తాత్కాలికం" అన్న మాటతో జరుగుతుంది. గడ్డర్లు పోసుకోవడానికి చదునైన చోటు కావాలి, ఇనుము వంచుకోవడానికి చోటు కావాలి, కూలీలకు షెడ్లు కావాలి. పక్కనే చదునైన పార్కు ఉంటే ఇక వేరేచోట అద్దె ఎందుకు కడతారు? పని అయ్యాక కాంక్రీటు పెళ్లలు, ఆయిలు ఇంకిన నేల మిగులుతాయి. ఆ నేలలో గడ్డి కూడా మొలవదు.

న్యాయ_విద్యార్థిని

ఓవర్సీర్ గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత జోడిస్తాను.

పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది, అప్పుడు మాట్లాడదామని కొందరు వాట్సాప్‌లో అంటున్నారు. దానికోసం ఎదురుచూడకండి. 2006 నాటి ఇ.ఐ.ఏ. (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద కొత్త జాతీయ రహదారులు, లేదా 100 కిలోమీటర్లు దాటి, నిర్ణీత వెడల్పుకు మించి స్థలం తీసుకునే విస్తరణలు ఆ జాబితాలోకి వస్తాయి. ఉన్న రహదారి మీద విడిగా ఒక వంతెన కడితే సాధారణంగా ఆ లెక్కలోకి రాదు.

భూసేకరణ ప్రకటన సంగతి కూడా అంతే. 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలో 3ఏ ప్రకటన రెండు స్థానిక పత్రికల్లో రావాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. ఆ తర్వాత 21 రోజుల్లో 3సి కింద అభ్యంతరం చెప్పవచ్చు. కానీ ఆ హక్కు ఆ భూమిలో ప్రయోజనం ఉన్నవారిది. పార్కు స్థలం ప్రభుత్వానిదే అయితే శాఖ నుంచి శాఖకు కాగితం మీదే మారిపోవచ్చు, పత్రికలో ఒక్క ముక్క రాకుండానే. అందుకే ఆ నాలుగో రాయి సంగతి ఇప్పుడే అడగాలి.

మనకున్న గట్టి ఆయుధం 2005 సమాచార హక్కు చట్టం. ఈ చట్టం అనగానే జిరాక్సు కాగితాలే గుర్తొస్తాయి. సెక్షన్ 2(జె) చదవండి: పనులను, పత్రాలను, రికార్డులను తనిఖీ చేసే హక్కు, నోట్సు రాసుకునే హక్కు, సామగ్రి ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కు అందులో ఉన్నాయి. కేంద్ర కార్యాలయమైతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, పేజీకి 2 రూపాయలు. రికార్డుల తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆ తర్వాత గంటకు 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. పొరపాటున వేరే కార్యాలయానికి వెళ్తే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో సరైన చోటికి వారే పంపాలి. కాబట్టి ఇది ఎవరి పని అని తెలియక ఆగిపోవద్దు.

ఉల్లి_లారీ

అమ్మా, ఈ సెక్షన్లన్నీ బాగున్నాయి. జవాబు రావడానికి 30 రోజులు, రాకపోతే అప్పీలు, ఆ పైన కమిషన్. ఈలోగా వంతెన మీద నా లారీ నాలుగు వందల ట్రిప్పులు తిరుగుతుంది.

న్యాయ_విద్యార్థిని

అందుకే పని మొదలవకముందే వేయమంటున్నాను, అన్నా.

సియాటిల్_కర్నూలోడు

మాది బుధవారపేట, ఇప్పుడు ఉద్యోగం కోసం అమెరికాలో ఉన్నాను. ఇక్కడ మా ఇంటికి దగ్గరలోనే ఇలాంటి కథ ఉంది, పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

వాషింగ్టన్ సరస్సు మీద నీటిపై తేలే వంతెన ఉంది. 1963 నాటి పాతది తీసేసి 2016లో కొత్తది తెరిచారు. పొడవు 7,710 అడుగులు, ఆ తరహా వంతెనల్లో ప్రపంచంలోనే పొడవైనది. ఆ రహదారి పడమటి కొస ఒక పెద్ద ప్రజా వృక్షవనాన్ని ఆనుకుని వెళ్తుంది. ఆ వనం మీదుగా ఇంకో ఎక్స్‌ప్రెస్‌వే వేయాలని 1960లలో ప్రయత్నించారు, ర్యాంపులు కూడా కట్టేశారు. జనం ఏళ్ల తరబడి పోరాడితే 1972లో ఓటింగులో ఆ ప్రతిపాదన పడిపోయింది. ఎక్కడికీ వెళ్లని ఆ ర్యాంపులు దశాబ్దాల పాటు అలాగే వేలాడాయి, కుర్రాళ్లు వాటి మీద నుంచి సరస్సులోకి దూకేవారు. కొత్త వంతెన వచ్చినప్పుడు మాత్రం వంతెన వద్దనే వాదన కన్నా వనానికి జరిగే నష్టానికి ఏమి చేస్తారన్న బేరం ఎక్కువ నడిచింది. ఆ నష్టపరిహారం నిధుల నుంచే వనంలో నడకకూ సైకిళ్లకూ కొత్త దారి వేశారు.

ఇంకో సంగతి. వంతెనను మోసే తేలే కాంక్రీటు దిమ్మెల మొదటి విడతలో పగుళ్లు బయటపడ్డాయి. విచారిస్తే రాష్ట్ర రవాణా శాఖ సొంత డిజైనులోనే లోపం ఉందని తేలింది. మరమ్మతుల ఖర్చు ప్రజల నెత్తినే పడింది. డబ్బూ సాంకేతికతా ఉన్నచోట తప్పులు జరగవని అనుకోకండి. పగుళ్ల వార్త దాచలేకపోయారు, అంతే తేడా.

ఇక్కడ చట్టం కూడా గట్టిది. పార్కు స్థలం వాడకుండా సాధ్యమైన, సమంజసమైన ప్రత్యామ్నాయం ఉంటే రహదారికి ఆ స్థలం వాడకూడదని 1966లోనే రాసుకున్నారు. మెంఫిస్‌లో ఒక పార్కు మధ్యగా జాతీయ రహదారి వేయబోతే స్థానికులు సుప్రీంకోర్టుకు వెళ్లి 1971లో గెలిచారు. ఆ రోడ్డు ఆ పార్కులో నుంచి ఇప్పటికీ వెళ్లలేదు.

న్యాయ_విద్యార్థిని

అచ్చం ఆ చట్టం మనకు లేదు కానీ ఆధారం లేకపోలేదు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆ కాలనీవాసులకు దాన్ని ప్రశ్నించే హక్కు ఉందని కూడా చెప్పింది. చెట్ల విషయానికి మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి లేకుండా కొట్టకూడదు. ఆ వేపచెట్లకు ఇప్పుడే నంబర్లు వేసి ఫొటోలు తీసి పెట్టుకుందాం. తర్వాత "అక్కడ చెట్లే లేవు" అనకుండా.

చేదు_వేప

అందరూ కమిటీ అంటున్నారు, కమిటీలో ఎవరుంటారో ఎవరూ చెప్పడం లేదు. ఈ జిల్లాలోనే ఒక కాలనీ రోడ్డు పనికి పౌర కమిటీ వేశారు. కమిటీ పెద్దమనిషి టిప్పర్లు ఆ పనిలోనే తిరిగాయి. రోజూ సైటు ఆఫీసులో టీ, నెలకోసారి "పని సంతృప్తికరం" అని ఉత్తరం. కాంట్రాక్టరు ఆ ఉత్తరాలను బిల్లుకు జతపరిచేవాడు. అంతకంటే కమిటీ లేకపోవడమే నయం.

నా షరతులు రాస్తున్నాను, నచ్చకపోతే తిట్టండి. కంకర, ఇసుక, టిప్పర్లు, జేసీబీ అద్దెల వ్యాపారం ఉన్నవారు వద్దు. ఆ రోడ్డు వెంట ప్లాట్లు కొన్నవారు వద్దు. వచ్చే ఎన్నికల్లో కార్పొరేటరుగా నిలబడాలని ఉన్నవారు అసలే వద్దు. అధ్యక్షుడు, కార్యదర్శి, శాలువాలు వద్దు. చందాలు వద్దు, పోస్టల్ ఆర్డర్లు ఎవరి జేబులోంచి వారు తీయండి. "సంతృప్తికరం" అన్న మాట ఏ కాగితం మీదా రాయకూడదు, చూసింది మాత్రమే రాయాలి.

ఉల్లి_లారీ

చేదు వేప గారి మాట నాకు మొదటిసారి నచ్చింది. నాకు టిప్పర్లు లేవు, లారీలే ఉన్నాయి, చేరవచ్చా? నాకు ఇంకో అనుమానం. ఒప్పందంలో పూర్తి చేయాల్సిన తేదీ ఉంటుంది కదా. ఆ తేదీ దాటితే అడిగేవారు ఎవరు? పార్కు గోడ గురించి అడిగేవారు గడువు గురించి కూడా అడిగితే నేను మీతో ఉంటాను. పని జరిగేటప్పుడు లారీలను ఎటు మళ్లిస్తారో కూడా ముందే చెప్పాలి. రాత్రికి రాత్రి డ్రమ్ములు అడ్డం పెట్టి "అటు వెళ్లు" అంటే మా డ్రైవర్లు ఊళ్లోని సందుల్లో ఇరుక్కుంటారు.

రిటైర్డ్_ఓవర్సీర్

న్యాయమైన మాట. ఒప్పందంలో మైలురాళ్ల పట్టిక ఉంటుంది, ఏ నెలకు ఎంత పని అని. గడువు పొడిగించినప్పుడల్లా కారణం రాసి ఉంటుంది. ఆ కాగితం అడగండి. "స్థలం అప్పగించడంలో ఆలస్యం" అని రాసి ఉంటే తప్పు శాఖది, వేరే కారణమైతే కాంట్రాక్టరు జరిమానా కట్టాలి. జరిమానా వేశారా లేదా అన్నది మరో ప్రశ్న.

అనంత_బండ్లపల్లి_దారి

అనంతపురం నుంచి రాస్తున్నాను, పొరుగువాడినే కదా. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికి మా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పథకానికి చట్టంలోనే సామాజిక తనిఖీ పెట్టారు. నేను తనిఖీలకు వెళ్లాను. అందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టీ) తీసి ఊరి మధ్యలో గట్టిగా చదువుతారు: ఫలానా మనిషి, ఇన్ని పనిదినాలు, ఇంత కూలి. "ఆ వారం నేను ఊళ్లోనే లేను కదయ్యా" అని ఒక ముసలామె లేచి అంటుంది. అక్కడితో ఆ కాగితం పని అయిపోతుంది.

రహదారి వంతెనలకు మన రాష్ట్రంలో అలాంటి ఏర్పాటు లేదు. మేఘాలయ మాత్రం 2017లో అనేక ప్రభుత్వ పథకాలకు సామాజిక తనిఖీ చట్టం చేసుకుంది. అయితే పార్కు గేటు దగ్గర ఆదివారం పూట ఒప్పందంలోని నాలుగు పేజీలు గట్టిగా చదవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఇంజినీరును కూడా పిలవండి. రాకపోతే కుర్చీ ఖాళీగా ఉంచి చదవండి. తెచ్చుకున్న కాగితాలు బీరువాలో పెట్టుకున్న సంఘాలను చాలా చూశాను, వాటి వల్ల ఎవరూ భయపడలేదు.

పాత_నగరం

మీరంతా సిమెంటు, చెట్లు, గడువు అంటున్నారు. నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదేమి? 2009 అక్టోబరు 2 మరిచిపోయారా? తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మా ఇంట్లో మొదటి అంతస్తు మెట్ల దాకా బురద. గోడ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది, సున్నం వేసినా దాన్ని మాత్రం వదిలేశాం.

రిటైర్డ్_ఓవర్సీర్

మీరు అడిగిందే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

పెద్ద వంతెనలకు సాధారణంగా నూరేళ్లకోసారి వచ్చే స్థాయి వరదను లెక్కలోకి తీసుకుంటారు. ఆ గరిష్ఠ వరద మట్టానికీ గడ్డరు అడుగుకూ మధ్య ఖాళీ వదలాలి, మన హంద్రీ లాంటి నదులకు అది 1.2 నుంచి 1.5 మీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడ చిక్కేమిటంటే హంద్రీకి తన సొంత వరద ఒక్కటే లెక్క కాదు. తుంగభద్ర నిండుగా ఉంటే హంద్రీ నీళ్లు పోయే దారి లేక వెనక్కి ఎగదన్నుతాయి. డిజైనులో హంద్రీ పరీవాహకం నుంచి వచ్చే ప్రవాహం మాత్రమే చూశారా, సంగమం దగ్గరి మట్టం కూడా చూశారా? 2009 మట్టం ఆ నివేదికలో ఉందా? డీపీఆర్‌లో (సవివర ప్రాజెక్టు నివేదికలో) జలసంబంధ నివేదిక అని ఒక అధ్యాయం ఉంటుంది, ముందు దాన్ని అడగండి.

వంతెన ఎత్తు సరిపోయినా అప్రోచ్, అంటే వంతెన మీదికి ఎక్కే దారి, ముంచవచ్చు. రెండు వైపులా మట్టికట్ట పోసి మధ్యలో నాలుగు కానాలు (స్తంభాల మధ్య నీళ్లు పోయే ఖాళీలు) వదిలితే కట్టడం చవక. ఆ మట్టికట్ట వరదకు అడ్డంగా ఆనకట్టలా నిలుస్తుంది. నీళ్లకు పల్లం కావాలి కాబట్టి పక్కనున్న పార్కులోకి, అక్కడి నుంచి ఇళ్లలోకి వెళ్తాయి. మట్టికట్ట బదులు ఇంకో రెండు మూడు కానాలు పెంచి స్తంభాల మీద అప్రోచ్ తీసుకువెళ్తే ఖర్చు పెరుగుతుంది, కానీ నీటికి దారి ఉంటుంది, పార్కులో స్థలం కూడా తక్కువ పోతుంది. నా ఉద్దేశంలో ఆ నాలుగో రాయి మట్టికట్ట వాలు కోసమే పడింది. ఎత్తు కట్టకు రెండు వైపులా వాలు చాలా వెడల్పు తింటుంది. స్తంభాలో రిటైనింగ్ గోడో అయితే ఆ రాయి గోడ బయటికి జరగవచ్చు. పని మొదలవకముందు ఇది కాగితం మీది గీత. మట్టి పోశాక ఎవరూ మార్చరు.

పాత_నగరం

అయితే మా గోడ మీది గీత కొలిచి రాస్తాను. ఇంకా ఇద్దరు ముగ్గురి ఇళ్లలో అలాంటి గీతలు ఉన్నాయి.

రిటైర్డ్_ఓవర్సీర్

నేల నుంచి ఎంత ఎత్తు అని మాత్రమే రాస్తే చాలదు. సర్వేయరుతో లెవెల్ పెట్టించి, దగ్గరి బెంచ్ మార్కుతో (ఎత్తు ముందే తేల్చి పెట్టిన గుర్తుతో) సముద్రమట్టం నుంచి ఎంతో తేల్చండి. అప్పుడే డీపీఆర్‌లోని అంకెతో పోల్చగలం.

హంద్రీగట్టు

చర్చ ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. అయితే మొదటి దరఖాస్తు ఇలా రాస్తున్నాను, సవరించండి: పని చేయించే శాఖ, కన్సల్టెన్సీ, కాంట్రాక్టరు పేర్లు, పార్కు వైపు భూమి ప్లాను, ఆ నాలుగో రాయి ఏ కొలత ప్రకారం పాతారో, జలసంబంధ నివేదిక, అందులో తీసుకున్న గరిష్ఠ వరద మట్టం, అప్రోచ్ మట్టికట్టా, స్తంభాలా అన్న డ్రాయింగు, పార్కును తాత్కాలికంగా వాడుకోవడానికి ఎవరైనా అనుమతి ఇచ్చారా, ఇస్తే తిరిగి బాగుచేసే షరతు, డిపాజిట్టు, కొట్టే చెట్ల జాబితా, పూర్తి చేయాల్సిన తేదీ, మైలురాళ్లు, పని అయ్యాక బయటపడే లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత ఎన్నేళ్లు.

న్యాయ_విద్యార్థిని

"ఎందుకు", "ఎలా" అని రాయకండి. అభిప్రాయం అడిగారని తిప్పి పంపుతారు. "ఫలానా పత్రం నకలు ఇవ్వండి" అనే రాయండి. అన్నీ ఒకే దరఖాస్తులో కుక్కవద్దు, కేంద్ర నిబంధనల్లో 500 పదాల పరిమితి ఉంది. భూమి సంగతి ఒకటి, డిజైను ఒకటి, ఒప్పందం ఒకటి, ముగ్గురి పేర్ల మీద వేద్దాం. చివర రికార్డుల తనిఖీకి తేదీ ఇవ్వమని కూడా కోరండి. "వాణిజ్య రహస్యం" అని డ్రాయింగు ఇవ్వకపోతే అప్పీలు నేను రాస్తాను.

చేదు_వేప

ఒకటి నా పేరు మీద వేయండి. ఎలాగూ నన్ను ఎవరూ టీకి పిలవరు.

పార్కు_గేటు_టిఫిన్

మాది గేటు పక్క బండి. ఆదివారం చదివే రోజు ఉగ్గాణి, బజ్జీ వేడిగా పెడతాను. చందాలు వద్దన్నారు కాబట్టి ఎవరి ప్లేటుకు వారే డబ్బులివ్వాలి. ఇంకొకటి, పోయిన వారం ఇద్దరు మనుషులు వచ్చి పార్కు వెనక గేటు వెడల్పు కొలిచి వెళ్లారు. లారీ పడుతుందా అని వారిలో వారు మాట్లాడుకున్నారు.

రిటైర్డ్_ఓవర్సీర్

గడ్డర్లకూ ఇనుముకూ పార్కునే చోటుగా వాడుకుంటారని నేను చెప్పిన సంగతి అదే. తాత్కాలిక అనుమతి మీద ప్రశ్నను విడిగా, అన్నిటికంటే ముందు వేయండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది కదా, అక్కడ కూడా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఉల్లి_లారీ

వెనక గేటులో నా లారీ పట్టదు, నేను ఒకసారి చూశాను. స్తంభం కొడితేనే పడుతుంది. రేపు ఉదయం ఆ గేటు ఫొటో తీసి ఇక్కడ పెడతాను.

హంద్రీగట్టు

తీయండి అన్నా. పార్కు సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పటం) నకలు నేను తెస్తాను. ఆదివారం ఉదయం ఆరున్నరకు నాలుగో రాయి దగ్గర కలుద్దాం, గోడ నుంచి దూరం మనమే కొలుద్దాం. పొడుగు టేపు ఎవరి దగ్గరైనా ఉందా?

రిటైర్డ్_ఓవర్సీర్

నా దగ్గర 30 మీటర్లది ఉంది. రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, నాకు వంగడం కష్టం.

చేదు_వేప

నేను పట్టుకుంటాను.